పోప్ పత్రంతో పుట్టిన యూనివర్సిటీ: లూవెన్ ఆరువందల ఏళ్ల కథ

2024 సెప్టెంబరులో పోప్ ఫ్రాన్సిస్ బెల్జియం వెళ్లారు. అక్కడి లూవెన్ క్యాథలిక్ యూనివర్సిటీ ఆరువందల ఏళ్ల పండుగకు ఆయనే ముఖ్య అతిథి. సెప్టెంబరు 28న, ఆ యూనివర్సిటీ ఫ్రెంచి సగం ఉన్న లువాన్ లా నవ్ అనే ఊళ్లో విద్యార్థులు ఆయన ముందు ఒక ఉత్తరం చదివారు. చర్చిలో, సమాజంలో స్త్రీల స్థానమేమిటని అందులో అడిగారు. స్త్రీ స్వభావమే ఆదరణ, సంరక్షణ అనే ధోరణిలో పోప్ జవాబిచ్చారు. ఆయన ఇంకా దేశం దాటకముందే, ఆ అభిప్రాయంతో తాము ఏకీభవించడం లేదని యూనివర్సిటీ పత్రికా ప్రకటన ఇచ్చింది.

ఈ వార్త చదివినవాళ్లకు సహజంగానే ఒక అనుమానం వస్తుంది. పేరులోనే క్యాథలిక్ అని పెట్టుకున్న సంస్థ, పోప్‌నే పిలిపించుకుని, పోప్ మాటనే కాదనవచ్చా? కాదంటే ఇక అది క్యాథలిక్ ఎలా అవుతుంది? మనకు క్యాథలిక్ చదువంటే విజయవాడ ఆంధ్రా లయోలా లాంటి కాలేజీలే గుర్తుకొస్తాయి. ఫాదర్లు, క్రమశిక్షణ, మంచి ఇంగ్లీషు, ఎవరికైనా సీటు. కాలేజీ దాకా ఈ బొమ్మ సరిపోతుంది. సొంతంగా డిగ్రీలిచ్చి, పరిశోధనలు చేసి, రాజులతోనూ ప్రభుత్వాలతోనూ తలపడిన ఒక యూనివర్సిటీకి చాలదు. క్యాథలిక్ యూనివర్సిటీ లోపల అధికారం ఎవరిది, డబ్బు ఎవరిది, మాట ఎవరిది అని తెలుసుకోవడానికి లూవెన్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

పోప్ పత్రం ఎందుకు?

1425 డిసెంబరు 9న పోప్ ఐదో మార్టిన్ ఒక పత్రం జారీ చేశాడు. బ్రబాంట్ అనే చిన్న రాజ్యంలోని లూవెన్ పట్టణంలో విద్యాపీఠం పెట్టుకోవచ్చని దాని సారాంశం. అడిగినవాళ్లు ముగ్గురు: బ్రబాంట్ డ్యూక్ నాలుగో జాన్, పట్టణ పాలకులు, సెయింట్ పీటర్ చర్చి గురువుల (అంటే ఫాదర్ల) బృందం.

ముగ్గురి ఉద్దేశాలూ ఒకటి కావు. లూవెన్ ఒకప్పుడు బట్టల వ్యాపారంతో వెలిగిన ఊరు. ఆ వ్యాపారం దెబ్బతింది. యూనివర్సిటీ వస్తే వందలాది కుర్రాళ్లు వస్తారు, ఇళ్లకు అద్దెలొస్తాయి, భోజనశాలలు నడుస్తాయి అన్నది ఊరివాళ్ల ఆశ. అందుకే బట్టల వ్యాపారులు సరుకు అమ్ముకునే పెద్ద భవనంలోనే యూనివర్సిటీకి చోటిచ్చారు. తన రాజ్యంలో చదువుకున్న అధికారులు తయారవుతారన్నది డ్యూక్ లెక్క.

మరి రోమ్ అనుమతి దేనికి? ఆ కాలపు ఐరోపాలో ఒక ఊళ్లో ఇచ్చిన డిగ్రీ ఇంకో రాజ్యంలో చెల్లాలంటే అందరూ ఒప్పుకునే అధికారం ఒకటి కావాలి. ఇవాళ యూజీసీ గుర్తింపు చేసే పనిని అప్పట్లో పోప్ ముద్ర చేసేది. విచిత్రమేమిటంటే, ఆ పత్రంలో కళలు, వైద్యం, చర్చి న్యాయశాస్త్రం, పౌర న్యాయశాస్త్రం ఉన్నాయి కానీ వేదాంతశాస్త్రం లేదు. దానికి అనుమతి 1432లో గానీ రాలేదు. అంటే పోప్ పేరుతో మొదలైన ఈ యూనివర్సిటీ తొలి ఏళ్లలో చెప్పనిది వేదాంతశాస్త్రమే.

పంది, లిల్లీ, డేగ, కోట

చదువు ఎలా సాగేదో కాస్త దగ్గరగా చూద్దాం. వచ్చిన కుర్రాడు ముందు కళల విభాగంలో చేరాలి. తర్కం, తత్వశాస్త్రం చదివాకే వైద్యమైనా న్యాయమైనా. పాఠం, ప్రశ్న, జవాబు, వాదన అన్నీ లాటిన్‌లోనే. కళల విద్యార్థులకు నాలుగు వసతిగృహాలుండేవి. వాటి పేర్లు పంది, లిల్లీ, డేగ, కోట. భోజనం, పడక, పాఠం అన్నీ అక్కడే. నాలుగింటికీ మధ్య గట్టి పోటీ.

కళల పరీక్షలో విద్యార్థులందరికీ వరుసగా ర్యాంకులు వేసేవారు. మొదటి ర్యాంకు వాడిని ప్రైమస్ అనేవారు. ప్రైమస్ అయిన కుర్రాడికి సొంత ఊళ్లో ఊరేగింపు, మేళతాళాలు, విందు! ఎంసెట్ ర్యాంకర్ల ఫొటోలు హోర్డింగులెక్కడం చూసిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు.

విద్యార్థికి ఇంకో వెసులుబాటు ఉండేది. తప్పు చేస్తే ఊరి న్యాయస్థానం ముందు కాదు, యూనివర్సిటీ పెద్ద అయిన రెక్టర్ కోర్టు ముందు నిలబడాలి. యూనివర్సిటీ వాళ్లకు బీరు, వైన్ మీద పట్టణ పన్నులో మినహాయింపు కూడా ఉండేది. ఊరివాళ్లకు ఇది కంటగింపు. కానీ కుర్రాళ్లు వెళ్లిపోతే ఊరికి గిరాకీ లేదు కాబట్టి సహించేవారు.

ఒకే ఊళ్లో రెండు గొంతులు

16వ శతాబ్దానికి లూవెన్ ఐరోపాలో పెద్ద పేరు. థామస్ మోర్ రాసిన ‘యుటోపియా’ 1516లో మొదట అచ్చయింది ఈ ఊళ్లోనే. అక్కడ పాఠాలు చెప్పిన ఆడ్రియన్ 1522లో ఏకంగా పోప్ అయ్యాడు.

1517లో హిరొనిమస్ వాన్ బుస్లైడెన్ అనే ధనిక గురువు చనిపోతూ తన ఆస్తితో ఒక కళాశాల పెట్టమని వీలునామా రాశాడు. అందులో లాటిన్, గ్రీకు, హీబ్రూ మూడూ ఉచితంగా నేర్పాలి. దీన్ని నిలబెట్టడానికి పూనుకున్నవాడు పండితుడు ఎరాస్మస్. వేదాంత విభాగం ఆచార్యులు మాత్రం దీన్ని అనుమానంగా చూశారు. వాళ్ల భయానికి కారణం ఉంది. అప్పటిదాకా చర్చి ప్రామాణికంగా తీసుకున్నది లాటిన్ బైబిల్. కుర్రాళ్లు గ్రీకు, హీబ్రూ నేర్చుకుంటే మూలాన్ని పక్కన పెట్టుకుని లాటిన్ అనువాదంలో తప్పులు వెతుకుతారు. ఒకసారి ఆ అలవాటైతే దేనికీ అడ్డు ఉండదు. అయినా కళాశాల నిలబడింది. తర్వాత పారిస్‌లో ఫ్రాన్స్ రాజు ఇలాంటి దాన్నే పెట్టించాడు.

అదే ఊళ్లో అవతలి పక్షమూ గట్టిదే. మార్టిన్ లూథర్ రాతలను రోమ్ ఇంకా ఖండించకముందే, 1519లో, లూవెన్ వేదాంతులు ఖండించారు. 1546లో చక్రవర్తి ఐదో చార్లెస్ ఆదేశంతో నిషిద్ధ గ్రంథాల జాబితా తయారు చేసిందీ వీళ్లే. అటు మూలభాషల్లో చదవమని చెప్పే కళాశాల, ఇటు ఏది చదవకూడదో జాబితా రాసే విభాగం. రెండూ ఒకే యూనివర్సిటీ, మధ్య నడిచిపోయేంత దూరం. క్యాథలిక్ సంస్థ అనగానే అంతా ఒకే మాట మీద ఉంటుందనుకోవడం ఎంత పొరపాటో దీంతో తెలుస్తుంది.

ఈ రెంటికీ దూరంగా తమ పని తాము చేసుకున్నవాళ్లూ ఉన్నారు. వైద్య విద్యార్థి వెసేలియస్ 1536 ప్రాంతంలో ఊరి బయట ఉరికంబం మీద ఒక అస్థిపంజరం చూశాడు. కండ అంతా పోయి ఎముకలు మాత్రం ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆ ఎముకలను ఎవరికీ తెలియకుండా ఊళ్లోకి చేరవేసి, జోడించి నిలబెట్టాడు. అడిగినవాళ్లతో పారిస్ నుంచి తెచ్చానని చెప్పుకున్నాడు. 1543లో అతను అచ్చు వేయించిన మానవ శరీర నిర్మాణ గ్రంథంతో శరీరశాస్త్రం దారే మారింది. ఆ ఉరికంబం దగ్గర అతనితో ఉన్న గెమ్మా ఫ్రిసియస్ గణితజ్ఞుడు. ఆయన దగ్గరే నేర్చుకున్న ఇంకో లూవెన్ విద్యార్థి మెర్కేటర్. మన బడి గోడల మీద వేలాడిన చాలా ప్రపంచ పటాలకు ఆధారం 1569లో అతను వాడిన పద్ధతే.

మూత, మళ్లీ పుట్టుక

1797లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం లూవెన్‌ను మూసేసింది. మతసంస్థలు, పాత రాజ్యపు హక్కులు దేన్నీ ఉంచదలుచుకోని కాలం అది. 1817లో నెదర్లాండ్స్ రాజు అక్కడే ప్రభుత్వ యూనివర్సిటీ పెట్టాడు. 1830లో బెల్జియం విడిపోయి స్వతంత్ర దేశమైంది. ఎవరైనా విద్యాసంస్థ పెట్టుకోవచ్చని కొత్త రాజ్యాంగం చెప్పింది.

ఈ స్వేచ్ఛను ముందుగా వాడుకున్నవాళ్లు బిషప్పులు. 1834లో మెకెలెన్‌లో క్యాథలిక్ యూనివర్సిటీ తెరిచి, మరుసటి ఏడాది లూవెన్‌కు మార్చారు. దీనికి పోటీగా చర్చి పెత్తనం వద్దనే ఉదారవాదులు అదే 1834లో బ్రసెల్స్‌లో తమ యూనివర్సిటీ పెట్టుకున్నారు. ఒకే చట్టం రెండు వర్గాలకూ తలుపు తీసింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. 1425 నాటి సంస్థకు పోప్ అనుమతి ఇచ్చాడు, కానీ దాన్ని నిలబెట్టింది డ్యూక్, ఊరు, చర్చి కలిసి. 1834 నాటిది మాత్రం బిషప్పుల సొంతం. రెక్టర్‌ను వేసేది వాళ్లే, ఖర్చులకు చర్చిల్లో చందాలు పోగుచేసిందీ వాళ్లే. చర్చి పట్టు అత్యంత గట్టిగా ఉన్నది మధ్యయుగంలో కాదు, ఈ ఆధునిక కాలంలోనే. ఆడపిల్లలకు ప్రవేశం 1920లో గానీ దక్కలేదు.

రెండుసార్లు కాలిన లైబ్రరీ

1914 ఆగస్టు 25 రాత్రి జర్మన్ సైన్యం లూవెన్‌కు నిప్పంటించింది. పాత బట్టల భవనంలో ఉన్న యూనివర్సిటీ లైబ్రరీ మొత్తం కాలిపోయింది. దాదాపు 3 లక్షల పుస్తకాలు, వందల రాతప్రతులు, అచ్చుయంత్రం తొలి దశలో వచ్చిన అరుదైన ప్రతులు బూడిదయ్యాయి. ఊళ్లో 248 మంది పౌరులు చనిపోయారు. యుద్ధంలో ఊళ్లు కాలడం కొత్త కాదు గానీ, లైబ్రరీ కాలిందన్న వార్తకు ప్రపంచం ఉలిక్కిపడింది. యుద్ధం ముగిశాక వెర్సాయ్ ఒప్పందం 247వ అధికరణంలో, పోయినవాటికి సంఖ్యలోనూ విలువలోనూ సమానమైన పుస్తకాలు, రాతప్రతులు జర్మనీ ఇచ్చుకోవాలని ప్రత్యేకంగా రాశారు.

కొత్త లైబ్రరీకి డబ్బు అమెరికా నుంచి వచ్చింది. అక్కడి బడులు, కాలేజీలు, యూనివర్సిటీలు చందాలు వేశాయి. వాటి పేర్లు ఇప్పటికీ ఆ భవనం రాళ్ల మీద చెక్కి కనిపిస్తాయి. కట్టిన వాస్తుశిల్పి విట్నీ వారెన్ ముఖద్వారం పైన ఒక లాటిన్ వాక్యం పెట్టాలని పట్టుబట్టాడు. జర్మన్ల ఉన్మాదం కూల్చింది, అమెరికా దానం నిలబెట్టింది అని దాని భావం. ద్వేషాన్ని రాతి మీద రాయొద్దని రెక్టర్ అడ్డుకున్నాడు. గొడవ కోర్టుదాకా పోయింది. చివరికి వాక్యం లేకుండానే 1928లో లైబ్రరీ తెరుచుకుంది. 1940 మేలో జర్మన్ దాడిలో మళ్లీ కాలింది. ఈసారి పోయినవి దాదాపు 9 లక్షల పుస్తకాలు. యుద్ధం తర్వాత దాన్ని మళ్లీ కట్టారు.

గురువు, గణితం, నాగార్జునుడు

రెండు యుద్ధాల మధ్య లూవెన్‌లో పాఠాలు చెప్పిన ఒక క్యాథలిక్ గురువు పేరు జార్జ్ లెమైట్ర్. ఇంజినీరింగ్ చదువుతుండగా మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడయ్యాడు. తర్వాత గణితం వైపు తిరిగి, 1923లో గురుపట్టాభిషేకం పొందాడు. 1927లో విశ్వం విస్తరిస్తోందని ఐన్‌స్టైన్ సమీకరణాల నుంచి లెక్కగట్టి ఒక వ్యాసం రాశాడు. అదే ఏడాది బ్రసెల్స్‌లో కలిసినప్పుడు, లెక్క సరిగానే ఉంది గానీ భౌతికశాస్త్రంగా నాకు మింగుడుపడటం లేదన్నట్టు మాట్లాడాడు ఐన్‌స్టైన్. 1931లో లెమైట్ర్ ఇంకో అడుగు వేశాడు. విస్తరణను వెనక్కి తిప్పితే మొత్తం విశ్వం ఒక ఆదిమ అణువు దగ్గరకు చేరుతుందన్నాడు. తర్వాత బిగ్ బ్యాంగ్ అని పేరుపడిన ఆలోచనకు బీజం అదే.

అసలు పాఠం ఇక్కడుంది. 1951లో పోప్ పన్నెండో పయస్ ఒక ప్రసంగంలో, విశ్వానికి ఆరంభముందని సైన్స్ చెబుతోంది కాబట్టి అది సృష్టికర్తకు సాక్ష్యమన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. సంతోషించాల్సిన గురువు లెమైట్ర్ ఇబ్బందిపడ్డాడు. తన సిద్ధాంతం భౌతికశాస్త్రం, దాని బలాబలాలు పరిశీలనలతో తేలాలి, దేవుడికి రుజువుగా దాన్ని వాడొద్దన్నది ఆయన పట్టు. 1952లో ఖగోళ శాస్త్రవేత్తల సభలో మాట్లాడినప్పుడు పోప్ ఆ వాదన మళ్లీ ఎత్తలేదు. విశ్వాసాన్నీ పరిశోధననూ రెండింటినీ గౌరవిస్తూనే ఒకదానికొకటి తాకట్టు పెట్టకపోవడం ఇక్కడ కనిపిస్తుంది.

తెలుగువాళ్లకు నేరుగా తగిలే పేరు ఇంకొకటి ఉంది. ఎతియెన్ లామొత్ కూడా గురువే, లూవెన్ ప్రొఫెసరే. ఆయన రంగం బౌద్ధం. నాగార్జునుడి పేరు మీద ఉన్న మహాప్రజ్ఞాపారమితా శాస్త్రానికి సంస్కృత మూలం దొరకదు. ఐదో శతాబ్ది తొలినాళ్లలో కుమారజీవుడు చేసిన చైనీస్ అనువాదమే మిగిలింది. లామొత్ దాన్ని ఫ్రెంచిలోకి తెస్తూ, ప్రతి పేజీకీ మూలాలు, పోలికలు, వివరణలు జోడించాడు. 1944 నుంచి 1980 వరకు ఐదు సంపుటాలు వచ్చాయి. అప్పటికీ మొత్తం గ్రంథం పూర్తికాలేదు. అది నిజంగా నాగార్జునుడి రచనేనా అన్న అనుమానం పండితుల్లో ఉంది. కృష్ణా తీరపు నాగార్జునకొండతో మన సంప్రదాయం ముడిపెట్టుకున్న ఆ ఆచార్యుడి పేర వచ్చిన గ్రంథానికి ఒక క్యాథలిక్ గురువు జీవితకాలం ధారపోశాడు. హిందీలో రామకథ మీద ప్రామాణిక పరిశోధన చేసిన కామిల్ బుల్కే కూడా ఇండియాకు రాకముందు లూవెన్‌లోనే ఇంజినీరింగ్ చదివాడు.

మతం కాదు, భాష చీల్చింది

విప్లవాలను, యుద్ధాలను తట్టుకున్న యూనివర్సిటీ చివరికి భాష దగ్గర రెండు ముక్కలైంది. భాషాప్రయుక్త రాష్ట్రాల ఉద్యమాలు చూసిన మనకు ఈ భాగం అర్థం చేసుకోవడం తేలిక.

బెల్జియం ఉత్తరాన డచ్ మాట్లాడే ఫ్లెమిష్ జనం, దక్షిణాన ఫ్రెంచి మాట్లాడే వాలూన్లు. సంఖ్యలో ఫ్లెమిష్‌వాళ్లే ఎక్కువ. కానీ కోర్టు, సైన్యం, పై చదువు, పెద్దింటి సంభాషణ చాలాకాలం ఫ్రెంచిలోనే. లూవెన్ ఉన్నది డచ్ ప్రాంతంలో. అయినా అక్కడ పూర్తిస్థాయి డచ్ పాఠాలు 1930ల్లో గానీ కుదరలేదు. ఆ తర్వాత ఒకే యూనివర్సిటీలో రెండు భాషల విభాగాలు పక్కపక్కనే నడిచాయి.

1962-63 చట్టాలతో దేశంలో భాషల సరిహద్దు గీశారు. లూవెన్ డచ్ వైపు పడింది. ఫ్రెంచి ప్రొఫెసర్ల పిల్లలకు ఫ్రెంచి బడులు కావాలి, కుటుంబాలకు అంగళ్లు, ఆఫీసులు తమ భాషలో కావాలి. ఇలా వదిలేస్తే బ్రసెల్స్ నుంచి లూవెన్ దాకా అంతా ఫ్రెంచి అయిపోతుందని ఫ్లెమిష్‌వాళ్ల భయం. 1966 మేలో బిషప్పులు యూనివర్సిటీ ఒక్కటిగానే ఉండాలని గట్టిగా ప్రకటించారు. అసలు మంట అక్కడ అంటుకుంది. తమ భాష సంగతి తేల్చడానికి బిషప్పులెవరని క్యాథలిక్ కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులే వీధుల్లోకొచ్చారు. ‘వాలూన్లు బయటికి’ అన్న నినాదం ఊరంతా మోగింది. 1968 ఫిబ్రవరి 2న బ్రూజ్ బిషప్ ఆ ప్రకటన విషయంలో తాను పొరబడ్డానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఐదు రోజులకు ప్రభుత్వం కూలిపోయింది. బిషప్పులు వేదాంతం చెప్పినప్పుడు కాదు, భాష విషయంలో తీర్పు చెప్పబోయినప్పుడు మాట చెల్లకుండా పోయింది.

డచ్ యూనివర్సిటీ, అంటే ఇవాళ్టి కేయూ లూవెన్, పాత ఊళ్లోనే ఉండిపోయింది. ఫ్రెంచి యూనివర్సిటీ, యూసీలువాన్, కొత్త చోటు వెతుక్కుంది. లైబ్రరీని కూడా పంచుకున్నారు. చాలా పుస్తకాలకు పంపకం ఎలా చేశారంటే, పుస్తకం ఉన్న అర నంబరు బేసి సంఖ్యయితే ఒకరికి, సరి సంఖ్యయితే ఇంకొకరికి. ఏ పుస్తకం ఎవరికి అవసరమన్న విచారణే లేదు. రెండుసార్లు మంటల్లో పోయి మళ్లీ పోగుపడిన లైబ్రరీ మూడోసారి సరి, బేసి లెక్క చేతిలో చీలింది.

ఫ్రెంచి యూనివర్సిటీవాళ్లు దక్షిణాన పొలాల్లో కొత్త ఊరే కట్టుకున్నారు. విద్యార్థులు పోప్ ముందు ఉత్తరం చదివిన లువాన్ లా నవ్ అదే. 1971లో తొలి రాయి వేశారు, మరుసటి ఏడాది తొలి విద్యార్థులు వచ్చారు. నడిబొడ్డున పెద్ద కాంక్రీటు పలక పరిచి, కార్లు, రైలు కిందికి పంపి, పైన మనుషులు నడిచే వీధులు మాత్రం ఉంచారు. కొందరు విద్యార్థులు కలిసి ఒక ఇల్లు తీసుకుని, ఏడాదంతా ఒక పనికి పూనుకోవడం అక్కడి ఆనవాయితీ. ఒక ఇంట్లో నాటకం, ఇంకో ఇంట్లో వికలాంగులకు సాయం.

ఇవాళ క్యాథలిక్ అంటే ఏమిటి?

ఇక మొదటి అనుమానానికి జవాబు వెతుకుదాం. కేయూ లూవెన్‌లో 60 వేలకు పైగా విద్యార్థులున్నారు. జీతాలకు, ల్యాబ్‌లకు డబ్బు ప్రధానంగా ప్రభుత్వానిది. యూరప్ విద్యార్థి కట్టే ఫీజు ఏడాదికి సుమారు వెయ్యి యూరోలు. రెక్టర్‌ను ఎన్నుకునేది యూనివర్సిటీ వాళ్లే. ఆర్చ్‌బిషప్‌కు గ్రాండ్ ఛాన్సలర్ అనే గౌరవ పదవి ఉంది. 2025లో వైద్య ప్రొఫెసర్ సెవెరీన్ వెర్మైర్ రెక్టర్ అయ్యారు. ఆరువందల ఏళ్లలో ఆ పదవిలో తొలి మహిళ ఆమే.

విద్యార్థి మతమేదని ఎవరూ అడగరు. వేదాంత విభాగం మాత్రం వేరు. అక్కడ చర్చి గుర్తింపున్న డిగ్రీలు ఇస్తారు కాబట్టి రోమ్ నిబంధనలు వర్తిస్తాయి. భారతదేశం నుంచి కూడా ఎందరో గురువులు అక్కడ చదువుకున్నారు. మిగతా విభాగాలకు ఆ బంధం లేదు. టెస్ట్‌ట్యూబ్ చికిత్సను వాటికన్ ఒప్పుకోదు, లూవెన్ యూనివర్సిటీ ఆసుపత్రి మాత్రం చేస్తుంది. 1984లో ఈ యూనివర్సిటీ నీడలో మొదలైన ఐమెక్ ఇవాళ చిప్ పరిశోధనలో ప్రపంచంలో పేరున్న కేంద్రం. అక్కడ ట్రాన్సిస్టర్ సైజు తగ్గించడానికి మతంతో పనిలేదు.

మరి పేరులో మిగిలిందేమిటి? చాలా కోర్సుల్లో మతం, జీవితార్థం మీద ఒక పాఠం, లాభం చూడకుండా ప్రశ్నలడిగే ఒక అలవాటు, అన్నిటికీ మించి ఒక చరిత్ర. ఆ చరిత్రను పక్కన పెట్టాలని అనేవాళ్లూ, కాపాడాలని అనేవాళ్లూ ఇద్దరూ లోపలే ఉన్నారు. 1546లో జాబితా రాసినవాళ్ల వారసత్వమూ, ఎరాస్మస్ వారసత్వమూ రెండూ దానివే.

అందుకే మతం పేరున్న ఏ విద్యాసంస్థ విషయంలోనైనా పేరు చూసి తీర్మానించకుండా మూడు విషయాలు అడగాలి. జీతాలు ఎవరిస్తున్నారు? పెద్దను ఎవరు ఎన్నుకుంటున్నారు? సంస్థ పెట్టినవాళ్ల మాటను అక్కడివాళ్లు కాదనగలరా, కాదన్నాక ఉద్యోగం ఉంటుందా? లూవెన్‌లో మొదటి రెండింటి జవాబు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. మూడోదానికి అవునన్న జవాబు ఒక్కరోజులో రాలేదు. గ్రీకు నేర్పించిన కళాశాల, పోప్ ముందు తన సిద్ధాంతాన్ని వేరుగా నిలబెట్టుకున్న గురువు, బిషప్పులను ఎదిరించిన విద్యార్థులు దాన్ని కొంచెం కొంచెంగా సంపాదించిపెట్టారు. పోప్ పత్రం లూవెన్‌కు డిగ్రీలిచ్చే అధికారాన్ని ఇచ్చింది. యూనివర్సిటీ అనిపించుకునే అర్హతను మాత్రం అది తన పనితోనే తెచ్చుకుంది.